నాసిరకానికి నూటికి అరవై

కేంద్ర ప్రభుత్వం తన పనికి తానే మార్కులు వేసుకున్న రోజులున్నాయి. 2009లో కేబినెట్ సచివాలయం ఒక్కో శాఖ చేతా ‘ఫలితాల చట్రం’ రాయించడం మొదలుపెట్టింది. ఢిల్లీ ఆఫీసుల్లో దాని ముద్దుపేరు ఆర్‌ఎఫ్‌డీ. ఈ ఏడాది ఏం చేస్తారో శాఖ ముందే రాసివ్వాలి. ఏడాది ముగిశాక ఎంత చేసిందో చూసి మార్కులేస్తారు. ఆలోచన బంగారమే. చిక్కంతా మార్కుల పట్టికలో ఉంది. అత్యుత్తమానికి 100, చాలా బాగుంటే 90, బాగుంటే 80, ఫర్వాలేదనిపిస్తే 70, నాసిరకమైతే 60. మీరు చదివింది సరైనదే, అరవయ్యే. మన పిల్లలు డిగ్రీలో అరవై తెచ్చుకుంటే ఫస్ట్ క్లాసని వీధంతా స్వీట్లు పంచుతాం.

నాసిరకం కన్నా కిందికి జారితే సున్నా అన్న నిబంధనా ఉంది, కాదనను. కానీ నాసిరకం గీత ఎక్కడ గీయాలో మొదటి చిత్తుప్రతిలో రాసుకునేది ఆ శాఖే. దాన్ని దిద్దడానికి రిటైరైన కార్యదర్శులూ నిపుణులూ ఉన్న ఓ టాస్క్‌ఫోర్సు. నిన్నటిదాకా అవే కుర్చీల్లో కూర్చున్న పెద్దలు ఎంత కర్కశంగా దిద్ది ఉంటారో మీ ఊహకే వదిలేస్తున్నా. ఆ పత్రంలో నా మనసు దోచుకున్న గడి మాత్రం వేరు: ఈ పత్రాన్ని గడువులోగా సమర్పించినందుకు 2 మార్కులు. నిరుటి ఫలితాలు వేళకు పంపితే ఇంకొకటి. దేశం మాట దేవుడెరుగు, కాగితం వేళకు చేరింది.

2014లో సర్కారు మారాక ఆర్‌ఎఫ్‌డీ చప్పుడు లేకుండా అటకెక్కింది. 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చి ప్రణాళికా సంఘం కుర్చీలో కూర్చుంది. 2017 మార్చితో పన్నెండో ప్రణాళికా ముగిసి, పంచవర్ష ప్రణాళికల కథ కంచికి చేరింది. ఐదేళ్ల లెక్కతో ఎప్పుడూ ఒక తలనొప్పే: ఓటరు కూడా ఐదేళ్లకే వస్తాడు. మూడో ప్రణాళిక 5.6 శాతం వృద్ధి అని బయల్దేరి సగం దారిలో కూలబడితే, 1966 నుంచి మూడేళ్లు ప్రణాళికకే సెలవిచ్చారు. పాతకాలపు మర్యాద! సెలవు పెట్టినప్పుడు సెలవనే చెప్పారు.

ఇప్పటి పద్ధతి చూడండి. 2022 కల్లా రైతు ఆదాయం రెట్టింపు అని 2016 ఫిబ్రవరిలో ప్రకటించారు. అశోక్ దల్వాయ్ కమిటీ 14 సంపుటాలు రాసింది. ఆదాయం ఏటా 10.4 శాతం పెరగాలని లెక్కా కట్టింది. 2018-19లో జాతీయ నమూనా సర్వే వాళ్లు వెళ్లి అడిగితే, సగటు రైతు కుటుంబానికి నెలకు వస్తున్నది 10,218 రూపాయలని తేలింది. అందులో పంట తెచ్చింది 3,798. కూలి, జీతాలు తెచ్చింది 4,063. పేరుకు రైతు, పొట్టకు కూలీ.

అనుకున్న 2022 రానే వచ్చింది. రెట్టింపైందా అంటే, వ్యవసాయ పరిశోధన మండలి ఒక పుస్తకం చేతిలో పెట్టింది: ఆదాయం రెట్టింపైన 75,000 మంది రైతుల విజయగాథలు. దేశంలో వ్యవసాయ కుటుంబాలు తొమ్మిది కోట్ల పైమాటే. మరి 75 వేలే ఎందుకు? అమృతోత్సవం కదా, స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు! తెల్లవాడు ఇంకో డెబ్బై ఐదేళ్ల ముందే వెళ్లిపోయి ఉంటే, మరో 75 వేల మంది రైతులు బాగుపడి ఉండేవారు.

ఇప్పుడు అందరి గురీ 2047 మీదే. ఢిల్లీకి వికసిత భారత్, అమరావతికి స్వర్ణాంధ్ర. ఈ పోటీలో హైదరాబాద్ వెనకబడుతుందా, దానికీ ఒక విజన్ పత్రం, అదే ఏడాదితో. వాళ్లు పెట్టుకున్న గడువులన్నిట్లోకీ తెలివైనది ఇదే. ఇవాళ ఆ దస్త్రం మీద సంతకం పెడుతున్న కార్యదర్శికి యాభై తొమ్మిదుంటాయనుకోండి. వచ్చే ఏడు రిటైర్మెంటు. 2047లో ఎవరైనా వెళ్లి “ఏమైందండీ మీ లక్ష్యం?” అని తలుపు తట్టేసరికి ఆయనకు ఎనభై. అడగబోయినవాడికే జాలేస్తుంది. ఆయనకు మాత్రం ఏ లోటూ ఉండదు. కేంద్ర ఉద్యోగికి 80 నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం. దానికి కమిటీ లేదు, సంపుటాలు లేవు, డాష్‌బోర్డు లేదు, ఎవరూ మార్కులు వేయరు. ఆ నెల నుంచే లెక్కలోకి వస్తుంది.