కిర్క్‌ప్యాట్రిక్ గారికి ఫ్లాట్ లేదు

కోఠీ, సుల్తాన్ బజార్, రాంకోఠి చుట్టుపక్కల ఫ్లాట్ కొనుక్కుందామని ముచ్చటపడుతున్న పుణ్యదంపతులందరికీ ముందుగా అభినందనలు. గచ్చిబౌలి గాజు మేడల్లో ఏముంది, నలభయ్యో అంతస్తులో ఉన్నా పక్కింటాయన పేరు తెలియదు. ఇక్కడైతే చరిత్ర ఉంది, సంస్కృతి ఉంది, గంగా జమునీ తెహజీబ్ ఉంది. ఆ మాట బ్రోషర్ మూడో పేజీలో స్విమ్మింగ్ పూల్‌కి కాస్త పైన, జిమ్‌కి కాస్త కింద అచ్చేశారు. అట్ట మీద చార్మినార్ బొమ్మ వేశారు. అది మూసీకి అవతలి ఒడ్డున ఉంది కదయ్యా అని అడిగితే, టెర్రస్ ఎక్కి చూడండి సార్, మబ్బు లేకపోతే కనబడుతుంది అన్నారు.

చదరపు అడుగు మీద అదనంగా గుంజేది ఈ చరిత్ర పేరు చెప్పే కాబట్టి, సరుకేమిటో ఓసారి చూసుకోవాలి.

ఈ పేటకి మూలపురుషుడు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌ప్యాట్రిక్. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దర్బారులో రెసిడెంటు. నిజాం సొమ్ముతో 1803లో మూసీ ఒడ్డున రెసిడెన్సీ భవనం మొదలెట్టాడు. తరవాతి కాలంలో మహిళా కళాశాలగా, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్నది అదే. ఆయన ఖైరున్నీసా బేగం అనే ఇక్కడి గొప్పింటి అమ్మాయిని ప్రేమించి, ముస్లిం పద్ధతిలో నికా చేసుకున్నాడు. ఘోషాలో ఉండే ఆమె భవనం ముందుభాగం చూడ్డానికి వీల్లేదని, జనానా తోటలో దానికో చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. మోడల్ ఫ్లాట్ చూపించే ఆచారం ఈ ఊళ్లో బిల్డర్లు మొదలెట్టింది కాదన్నమాట.

రెసిడెన్సీ చుట్టూ వెలిసిన బజార్లలో నిజాం పోలీసుల పెత్తనం చెల్లేది కాదు. 1933లో ఆ ప్రాంతం తిరిగి నిజాం చేతికి వచ్చాకే సుల్తాన్ బజార్ అయింది. ఈ చుట్టుపక్కల ఎవరెవరు చేరలేదు గనక! మార్వాడీ, గుజరాతీ సాహుకార్లు వచ్చారు. 1892లో ఆర్యసమాజం వచ్చింది. ఉర్దూ రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటు కావాలని 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టుకున్నారు. 1907లో మరాఠీల వివేక్ వర్ధిని బడి మొదలైంది. కాచిగూడలో కన్నడ పిల్లలకి నృపతుంగ బడి, అఫ్జల్‌గంజ్‌లో గురుద్వారా, ఇటు ఆబిడ్స్‌లో సెయింట్ జార్జి చర్చి. ఆ ఆబిడ్స్ పేరైనా ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఓ ఆర్మేనియా యూదుడి పుణ్యమేనంటారు.

ఇంతమంది కలిసి వందేళ్లపాటు తెచ్చిన విలువకి ఇవాళ మీరు ఈఎంఐ కడతారు. బాగుంది. ఇప్పుడు ఆ మూలపురుషుణ్ణే సేల్స్ ఆఫీసుకి పంపిద్దాం.

"రండి సార్, కూర్చోండి. వాటర్ తీసుకోండి. బ్యాచిలరా, ఫ్యామిలీయా సార్?"

"ఫ్యామిలీయే. ఇద్దరు పిల్లలు."

"వెరీ గుడ్ సార్. బ్యాచిలర్స్‌కి ఇవ్వట్లేదు లెండి. పూర్తి పేరు చెప్పండి. కిర్క్... ఓహో, క్రిస్టియన్సా సార్? పర్లేదు. ఉద్యోగం?"

"కంపెనీలో."

"ఎమ్మెన్సీ! లోన్ ఈజీగా వస్తుంది సార్. మేడమ్ గారి పేరు?"

"ఖైరున్నీసా."

పెన్ను ఆగుతుంది. వాటర్ బాటిల్ మూత మళ్లీ బిగుసుకుంటుంది.

"ఏమనుకోకండి సార్. మాకైతే అలాంటి పట్టింపుల్లేవు. నాకు బోలెడుమంది ముస్లిం ఫ్రెండ్స్ ఉన్నారు, రంజాన్‌కి హలీం పంపిస్తారు. అసోసియేషన్ వాళ్లతోనే కష్టం. నాలుగో ఫ్లోర్ అంకుల్ ప్యూర్ వెజ్, రెండు ఫ్లాట్లు తీసుకున్నారు. రేపు మీకే ఇబ్బంది. టోలీచౌకీలో మంచి ప్రాజెక్టుంది సార్, మేడమ్‌కి కంఫర్టబుల్‌గా ఉంటుంది. నంబరు వాట్సాప్ చేస్తాను."

"పోనీలెండి. మీ బిల్డింగ్ పేరేమిటి?"

"రెసిడెన్సీ, సార్."

ఇది ఒక మతం వాళ్ల జబ్బే అనుకుంటే పొరపాటు. ఆ టోలీచౌకీలో శర్మగారు అడిగితే ఇదే సంభాషణ ఉర్దూలో నడుస్తుంది. ఇక్కడ రెడ్డిగారికి చెప్పిన రేటు వేరు, ఇంటిపేరు ఎంతకీ బయటపెట్టని దళిత ఇంజనీరుకి చెప్పిన రేటు వేరు. మూడోసారి ఫోన్ చేస్తే ఆయనకి దొరికే జవాబు "అన్నీ అయిపోయాయి సార్". అయిపోయిన ఫ్లాట్ల హోర్డింగ్ మరో ఆర్నెల్లు అలాగే వెలుగుతుంది.

చట్టం ఏమంటుందని అడక్కండి. దుకాణంలోకీ, హోటల్లోకీ, బావి దగ్గరికీ మతం, కులం పేరు చెప్పి రానివ్వకపోతే రాజ్యాంగం పదిహేనో అధికరణ ఒప్పుకోదు. అందుచేత కిర్క్‌ప్యాట్రిక్ దంపతులు మన బిల్డింగ్ కింద ఇరానీ హోటల్లో నిక్షేపంగా చాయ్ తాగొచ్చు. పైకి మాత్రం రాకూడదు. 2016 నాటి రెరా చట్టంలో తొంభై రెండు సెక్షన్లున్నాయి. కార్పెట్ ఏరియా లెక్క ఉంది, పది శాతం మించి అడ్వాన్సు ఇవ్వాలంటే ముందు అగ్రిమెంటు రిజిస్టర్ చెయ్యాలనే నియమం ఉంది. కొనేవాడి పేరు చూసి ఫ్లాట్ లేదనకూడదన్న సెక్షన్ లేదు. అహ్మదాబాద్‌లో ఒక పార్సీ సహకార గృహ సంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకుంటే 2005లో సుప్రీంకోర్టు తప్పులేదంది. అదే గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద నోటిఫై చేసిన పేటల్లో ఇల్లు చేతులు మారాలంటే కలెక్టరు అనుమతి కావాలి. పాపం, అంత పెద్ద రాష్ట్రం ఏ పేటలో ఎవరుండాలో తేల్చడానికి ఒక చట్టమూ, ఒక కలెక్టరూ ఖర్చుపెట్టుకుంది. మనం ఆ పని వాచ్‌మన్‌తో చేయిస్తున్నాం.

మనుషుల సంగతి తేలింది కాబట్టి గోడల సంగతి. పాత కట్టడాల జోలికి పోవాలంటే అనుమతి తీసుకోవాలని 1981 నాటి నగరాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధనల్లో పదమూడో నంబరుది ఒకటుండేది. 2015 డిసెంబరులో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 2017లో వారసత్వ కట్టడాల చట్టం తెచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ని పడగొట్టి అసెంబ్లీ కడతానని తనే బయల్దేరింది. హైకోర్టు అడ్డం పడబట్టి ఆ భవనం నిలిచింది. సర్కారే గడ్డపార పట్టుకుంటే బిల్డర్‌ని ఏమంటాం?

అతనికీ చరిత్ర మీద ప్రేమే. ఒకచోట కళ్లారా చూశాను: దేవిడీని, అంటే పాతకాలపు గొప్పింటి మేడని, కూల్చి అపార్ట్‌మెంటు లేపాక, దాని టేకు తలుపుల జత తెచ్చి లాబీ గోడకి బిగించారు. ఇత్తడి బొడిపెలు, గొలుసు, గడియ అన్నీ అలాగే ఉన్నాయి. పైన స్పాట్‌లైటు, పక్కన "తాకరాదు" అని బోర్డు. ఆ తలుపు తీస్తే కరెంటు మీటర్లు. దేవిడీ గోడల డంగు సున్నం మాత్రం ట్రాక్టర్లకెత్తి ఎక్కడో చెరువులో పోశారట. అంటే ఒక చరిత్రతో రెండు స్థలాలు తయారయ్యాయి.

గృహప్రవేశం అయ్యాక అసలు తమాషా మొదలవుతుంది. తెల్లవారుజామున అజాన్ వినిపిస్తుందని ఒకరు వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆషాఢంలో బోనాల డప్పు పిల్లాడి ఆన్‌లైన్ క్లాసుకి అడ్డమని ఇంకొకరు. బడీచౌడీ బజారు బండ్లవాళ్ల వల్ల కారు తిరగట్లేదు, సందు చివర మటన్ కొట్టు మీద కంప్లెయింట్ పెట్టాలి, ఇరానీ హోటల్ ముందు ఆ గుంపేమిటి, అందరూ సంతకాలు చేయండి. బ్రోషర్ మూడో పేజీలో ఏ సందడిని చూసి డబ్బు కట్టారో, దాన్ని మాన్పించడానికి మున్సిపల్ ఆఫీసుకి అర్జీ. కింద ముప్పై ఆరు బొటనవేళ్ల ఎమోజీలు. అర్జీ ఫలించి పేట శుభ్రపడ్డ రోజున ఇక్కడి ఫ్లాట్‌కీ కొంపల్లి ఫ్లాట్‌కీ తేడా ఏముంటుందో, అదనంగా కట్టిన సొమ్ము దేనికో బ్యాంకువాళ్లే చెప్పాలి.

అయినా కొంటాననే వాళ్లకి రెండు ముక్కలు. సూపర్ బిల్టప్ అంకె విని మురిసిపోకండి, కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద రాయించుకోండి. లిఫ్టు గుంతకీ మెట్లకీ కూడా మీరే ఈఎంఐ కడుతున్నారు. మీ వాటా భూమి ఎన్ని గజాలో డాక్యుమెంట్లో ఉందో లేదో చూడండి, పాతపేటల్లో చివరికి మిగిలేది అదే. లింకు డాక్యుమెంట్లూ, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టూ (ఈసీ) లాయరుకి చూపించండి. వక్ఫ్ పేరో, విదేశాల్లో ఉన్న మనవడి పేరో పదేళ్ల తరవాత నోటీసై వచ్చే పేటలివి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) అడగండి. సేల్స్ కుర్రాడు "అందరూ మనవాళ్లే సార్" అన్నప్పుడు, ఎవరెవరిని వెళ్లగొట్టాక అలా అయ్యారని కూడా అడగండి. జవాబు బ్రోషర్‌లో ఉండదు.

ఒక్క సబ్ రిజిస్ట్రార్ కౌంటర్లోనే ఏ తేడా లేదు. స్టాంపు డ్యూటీ అయిదున్నర, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు అర, వెరసి ఏడున్నర శాతం. ఖైరున్నీసా దగ్గరైనా అంతే తీసుకుంటారు.