తుపాకీవారింటి వియ్యం

2015 జనవరిలో హాలీవుడ్ హీరో లియామ్ నీసన్ దుబాయ్‌లో ఉన్నాడు. పని 'టేకెన్ 3' ప్రచారం. ఈ వరస సినిమాల కథ ఎప్పుడూ ఒకటే: ఇంట్లోవాళ్లకు ఆపద వస్తుంది, రిటైరైన గూఢచారి నాన్నగారు బయల్దేరతారు, ఆయన నడిచిన దారంతా శవాలు రాలతాయి. అలాంటి నాన్నగారు అక్కడి పత్రిక వారి ముందు కూర్చుని, అమెరికాలో తుపాకులు మరీ ఎక్కువైపోయాయని, ముప్పై కోట్లు దాటాయని, ఇది సిగ్గుచేటని అన్నాడు. సినిమా చూసి జనం తుపాకులు పట్టుకుని వీధుల్లో పడరని కూడా చేర్చాడు. చిన్నప్పుడు తనూ కౌబాయ్ సినిమాలు చూసి వేళ్లతో 'ఢాం ఢాం' అన్నవాడేనట, హంతకుడేం కాలేదట.

ఆ మాట పారా యూఎస్ఏ అనే తుపాకుల కంపెనీ చెవిన పడింది. సినిమాకు తుపాకులిచ్చింది వాళ్లే. ఇచ్చినందుకు చింతిస్తున్నామని, ఇకమీదట నీసన్ సినిమాకు ఒక్క తుపాకీ ఇచ్చేది లేదని, హాలీవుడ్‌లోని మిత్రులు కూడా తమ సరుకును ఆయన సినిమాలతో ముడిపెట్టవద్దని ఫేస్‌బుక్‌లో ప్రకటించేసింది. తమ సరుకుతో తెరమీద అంతమంది నేలకూలినప్పుడు చెక్కుచెదరని మనసు, ఆ సరుకు కాస్త తగ్గితే బాగుండునన్న ఒక్క మాటకు నొచ్చుకుంది.

చూసేవాళ్లకు ఇది తగువులాగే ఉంటుంది. నిజానికి వియ్యాలవారి అలక. పందిట్లో నలుగురూ చూస్తుండగా ఒకరి మర్యాదలు ఒకరు ఎత్తిపొడుచుకుంటారు. ఆనక ఒకే బంతిలో కూర్చుని పూర్ణాలు తింటారు.

ఈ వియ్యం నిన్నమొన్నటిది కాదు. 1971లో 'డర్టీ హ్యారీ' వచ్చింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29 రివాల్వర్ తళుక్కుమంది. అప్పటిదాకా పెద్దగా ఎవరూ అడగని ఆ బరువైన సరుకు కోసం జనం దుకాణాల ముందు ఎగబడ్డారు. దొరికినచోట అసలు ధరకు మించి పెట్టి కొన్నారు. ఏ వ్యాపారప్రకటనకూ ఆ శక్తి లేదు. ప్రకటన వస్తే జనం లేచి బయటికి పోతారు. సినిమాకైతే టికెట్ కొనుక్కుని మరీ వస్తారు.

సినిమా మనుషుల్ని హంతకులుగా మార్చదన్న నీసన్ మాట కొట్టిపారేయలేం. కాకపోతే హంతకులుగా మార్చకపోవడం వేరు, ఖాతాదారులుగా మార్చకపోవడం వేరు.

ఇక ఆడపెళ్లివారి, అంటే తుపాకీవారి, సంగతి. 2012 డిసెంబర్ 14న శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు తుపాకీకి బలయ్యారు. వారం తిరగ్గానే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (మనకు తెలిసిన ఎన్ఆర్ఐలు కారు, ఎన్ఆర్ఏ) పెద్ద వేన్ లాపియర్ మైకు ముందుకొచ్చి నేరస్తుల జాబితా చదివాడు. అందులో వీడియో గేములున్నాయి, 'నేచురల్ బోర్న్ కిల్లర్స్' లాంటి సినిమాలున్నాయి. తుపాకీ మాత్రం లేదు. పైపెచ్చు ప్రతి బడికీ ఓ తుపాకీ పట్టిన కాపలాదారుడు కావాలన్నాడు. సినిమాలు అంత విషమైతే, వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో అదే సంఘం నడిపే మ్యూజియంలో హాలీవుడ్ తుపాకుల కోసమే ఓ గది ఎందుకుందో ఆయన సెలవియ్యలేదు. సినిమాల్లో హీరోలు పట్టిన తుపాకులకు అక్కడ అద్దాల పెట్టెలు, దీపాలు, వివరాల చీటీలు. గుళ్లో ఉత్సవ విగ్రహాలకు కూడా ఇంత జాగ్రత్త ఉండదు.

పెళ్లిపెద్ద చార్ల్‌టన్ హెస్టన్‌ను తలచుకోకపోతే మర్యాద కాదు. 'టెన్ కమాండ్‌మెంట్స్'లో మోషేగా కొండ దిగివచ్చి, చంపవద్దన్న ఆజ్ఞ ఉన్న పలకలు మోసినవాడు. 1968లో గ్రెగరీ పెక్, జేమ్స్ స్టూవర్ట్, కర్క్ డగ్లస్‌లతో కలిసి తుపాకుల నియంత్రణ చట్టానికి మద్దతు పలికినవాడు. ముప్పై ఏళ్లకు, 1998లో, అదే ఎన్ఆర్ఏకు అధ్యక్షుడయ్యాడు. 2000లో జరిగిన మహాసభలో పాతకాలపు తుపాకీ పైకెత్తి, ప్రాణం పోయి చల్లబడ్డ నా చేతుల్లోంచి లాక్కోవాల్సిందే అన్నాడు. పలకలేమయ్యాయని ఎవరూ అడగలేదు.

2012 జూలైలో కొలరాడోలోని అరోరాలో బ్యాట్‌మన్ సినిమా ఆడుతున్న హాల్లో ఒకడు 12 మందిని కాల్చి చంపాడు. దెబ్బకు వార్నర్ బ్రదర్స్ మేల్కొంది. తన మరో సినిమా 'గ్యాంగ్‌స్టర్ స్క్వాడ్'లో సినిమా హాల్లో కాల్పుల సన్నివేశం ఉంది. దాన్ని తీసేసి, వేరేచోట మళ్లీ చిత్రీకరించి, విడుదలను మరుసటి జనవరికి జరిపారు. అంటే కాల్పులు ఆగలేదు, లొకేషన్ మారింది. హంతకుడు తుపాకులు కొన్నది చట్టప్రకారం, దుకాణంలో, రసీదుతో. అక్కడ ఏ సన్నివేశమూ మార్చలేదు.

మరి ఈ సినిమాలే జపాన్‌లోనూ ఆడతాయి కదా? జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018 లెక్కల్లో అమెరికాలో ప్రతి 100 మందికి 120 తుపాకులు. పసిపాపకొకటి పంచినా మిగులుతాయి. జపాన్‌లో 100 మందికి 0.3. అక్కడ వేటతుపాకీ కావాలంటే పాఠాలకు కూర్చోవాలి, రాతపరీక్ష రాయాలి, గురి చూపించాలి, మతి సరిగా ఉందని డాక్టరు కాగితం తేవాలి. ఆపైన పోలీసులు ఇరుగుపొరుగుల్ని వాకబు చేస్తారు, పిల్లనిచ్చేముందు మనవాళ్లు చేసినట్టు. అమెరికా దుకాణంలో చాలామందికి ఆ విచారణ నిమిషాల్లో కంప్యూటర్ మీద తేలిపోతుంది. కొరియావాళ్లు రక్తం విషయంలో ఎవరికీ తీసిపోరు. అయినా 2003లో వచ్చిన వాళ్ల 'ఓల్డ్‌బాయ్' హీరో వరండా నిండా ఉన్న రౌడీల మీదికి పట్టుకెళ్లింది సుత్తి. చుట్టుపక్కల దొరికే సరుకును బట్టే సినిమావాడి ఊహ కూడా.

మన ఊహా అంతే. 'సమరసింహారెడ్డి' రోజుల్లో వేటకొడవళ్లు, నాటుబాంబులు. ఇప్పుడు భాషలన్నిట్లోనూ ఒకేసారి విడుదలయ్యే సినిమా హీరోకు మెషిన్‌గన్ లేకపోతే అరకొరగా ఉంటుంది. తెలుగునాట కూడా విరగబడి చూసిన 'కేజీఎఫ్ 2' టీజర్ 2021 జనవరిలో వచ్చింది. అందులో హీరో పోలీసుల జీపుల్ని మెషిన్‌గన్‌తో చీల్చి చెండాడి, ఎర్రగా కాలిన గొట్టానికి సిగరెట్ అంటించుకుంటాడు. కర్ణాటక ఆరోగ్యశాఖ వెంటనే నోటీసు పంపింది. సిగరెట్ గురించి. పొగ పడదు మన ప్రభుత్వాలకు. ఊపిరితిత్తుల మీద ఉన్న శ్రద్ధ వాటిలో దిగే గుండు మీద ఉండాలని చట్టంలో ఎక్కడా రాయలేదు.

మన సినిమావాళ్లూ తుపాకీ తిప్పలకు అతీతులేం కారు. 2024 అక్టోబర్ 1 తెల్లవారుజామున హిందీ నటుడు గోవిందా కాలికి తన లైసెన్సు రివాల్వరే గుండు దింపింది. చేయి జారి పడి పేలిందన్నారు. తెరమీదైతే తుపాకీ పడినప్పుడు విలన్‌కే తగులుతుంది. ఇంట్లో దానికి కథ చెప్పి ఉంచేవాళ్లు లేరు.

డల్లాస్ శివార్లలో మనవాళ్ల సినిమా ఒకరోజు ముందే పడుతుంది. హీరో గన్ ఎత్తగానే కాగితాలు ఎగురుతాయి, ఈలలు మోగుతాయి. ఆట ముగిసి కుర్రాడు కారెక్కేసరికి గుంటూరు నుంచి అమ్మ ఫోన్: "రాత్రిపూట ఆ గ్యాస్ స్టేషన్ షిఫ్టు మానేయ్ నాన్నా, ఎవడో తుపాకీతో వచ్చాడని టీవీలో చూపించారు." సినిమా బాగుందా అని కూడా అడుగుతుంది. బాగుందమ్మా, ఇంటర్వెల్ ఫైట్ అదిరింది అంటాడు.

నీసన్ మీది అలక ఏమైందంటారా? పారా పేరు 2015లోనే రెమింగ్టన్ గుంపులో కలిసి మాయమైంది. నీసన్‌కు మాత్రం తుపాకుల కొరత రాలేదు. 2021లో 'ది మార్క్స్‌మన్' చేశాడు, అంటే గురి తప్పనివాడు. 2025లో హాస్యచిత్రం చేశాడు. దాని పేరు 'ది నేకెడ్ గన్'.