ఉప్పునీళ్లకు ఉప్పు

పుట్టపర్తిలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారింట్లో అంట్లు కడిగే డిష్‌వాషర్ దిగింది. బెంగళూరులో ఉన్న కొడుకు పంపాడు. దాన్ని చూడగానే మాస్టారి తల్లి, వీధివీధికంతా అవ్వ, నడుం మీద చెయ్యేసుకుని ఒకటే అడిగింది: "చిత్రావతిలోనే చుక్క లేదు, దీనికి యాడ్నుంచి తెచ్చేదిరా నీళ్లు?"

తీసిపారేసే ప్రశ్న కాదు. ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చింది. అవ్వ ఇప్పటికీ పెళ్లిళ్లనూ పురుళ్లనూ ఆ నీళ్లు రాకముందు, వచ్చాక అని లెక్కేస్తుంది. మిషన్ ఒక విడతకు తాగేది పది పన్నెండు లీటర్లేనని, అంటే ఒక్క బిందేనని మాస్టారు విడమరిచారు. అవ్వ నమ్మలేదు.

మొదటి వారం స్టీలు పళ్లేలు తెల్లగా, విభూతి పూసినట్టు బయటికొచ్చాయి. ఈ ఊళ్లో అలాంటిది కనిపిస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. అవ్వ మాత్రం వేలితో గీకి, వాసన చూసి, "బోరు నీళ్ల చౌడు" అని తేల్చేసింది.

అవ్వే కరెక్టు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. నీళ్లు ఆరిపోతాయి, అవి పళ్లేన్ని పట్టుకుంటాయి. వాటిని ముందే పట్టేయడానికి మిషన్ అడుగున రెజిన్ పూసలుంటాయి. పూసలు నిండిపోయినప్పుడు ఉప్పు కలిపిన నీళ్లతో కడిగితే మళ్లీ ఖాళీ అవుతాయి. అందుకే దానికి ఉప్పు కావాలి. "ఉప్పునీళ్లకు ఉప్పు పోయమనేదాన్ని పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం" అంది అవ్వ.

మాస్టారు వంటింటి ప్యాకెట్టు విప్పి పోయబోయారు. ఫోన్లో మెకానిక్ కేకేశాడు: కూర ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పొడి పూసలకు అడ్డం పడుతుందట. గళ్లుప్పులోనైతే మన్ను. డిష్‌వాషర్ కోసమే అమ్మే శుద్ధమైన పలుకుల ఉప్పు పోసి, మన బోరుకు తగ్గట్టు కాఠిన్యం అంకె మార్చాకగానీ విభూతి ఆగలేదు.

తరవాత సంగటి. 1886లో ఈ మిషన్ మీద పేటెంటు పొందిన అమెరికా ఆవిడ జోసెఫిన్ కాక్రేన్ బాధంతా పనివాళ్ల చేతుల్లో పింగాణీ పళ్లేల అంచులు పెచ్చులూడిపోతున్నాయని. పాపం, రాగిసంగటి గిన్నె ఆమె కంటబడి ఉండదు. అడుగున ఉన్న జల్లెడ తిప్పి తీస్తే అందులో మూడు రోజుల సంగటి, రెండు కరివేపాకు రెబ్బలు, ఒక చింతగింజ. నీళ్లు చిమ్మే రెక్క బెజ్జాల్లోనూ సున్నం. మాస్టారు చీపురుపుల్లతో ఒక్కొక్కటే పొడిచి, నిమ్మఉప్పు నీళ్లలో నానేశారు.

పెద్ద గండం మాత్రం అవ్వ వల్లే వచ్చింది. మురికినీళ్లు వృథా అవుతున్నాయని, సింకు ఎత్తున ఉండాల్సిన గొట్టం చివర్ని కిందికి లాగి నేలమీది బకెట్టులో వేసింది. మిషన్ నీళ్లు పట్టడమే ఆలస్యం, గొట్టం వాటిని లాగేస్తోంది. అది మళ్లీ పడుతుంది, ఇది మళ్లీ లాగుతుంది. కాసేపటికి ఎర్రలైటు వెలిగి మిషన్ చేతులెత్తేసింది. వంటిల్లు చెరువు. "ట్రాక్టరు ట్యాంకులోంచి డీజిలు తీస్తారే పైపుతో, అదేమ్మా ఇది" అన్నారు మాస్టారు. "ఆడ నోటితో పీల్చాల గదా, ఈడ ఎవరు పీల్చినారు?" అంది అవ్వ. నీళ్లు బయటికి తోసే మోటారే ఆ పని చేసిపెడుతుందని చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు గొట్టం సింకు అంచుకు తాడుతో కట్టుంది, కింద సింకులో బకెట్టు. మొన్నొక విడత అయ్యాక ఆ నీళ్లన్నీ బిందెలోకి వంచి కొలిచింది అవ్వ. మెడదాకా వచ్చి ఆగాయి. "చెంబుడు తక్కువ" అని, ఆ చెంబుడు యాడికి పోయిందోనని మిషన్ చుట్టూ నేలంతా అరచేత్తో తడిమింది.