ఎలుగుబంటికి ఈసప్ కథ ఎవరు చెప్పాలి?

కోనసీమలో కొండ లేదు, ఎలుగుబంటి తిరిగే అడవి లేదు. గోదావరి పాయల మధ్య ఉన్నదంతా కొబ్బరితోట, వరిచేను, చేపలచెరువు. ఎలుగుబంటి అమలాపురం రావాలనుకుంటే ముందు గౌతమి దాటాలి, ఆ తర్వాత గడియారస్తంభం సెంటరు దాటాలి. రెండోదే కష్టం. అయినా సరే, ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలో తెలియని మనిషి అమలాపురంలో దొరకడు.

ఈ పాండిత్యం చలికాలంలో బాగా బయటపడుతుంది. నలుగురు కుర్రాళ్లు కారు మాట్లాడుకుని మారేడుమిల్లి బయలుదేరతారు. నూటయాభై కిలోమీటర్ల ప్రయాణం, బొంగులో చికెన్, జలతరంగిణి జలపాతం, ‘పుష్ప’ షూటింగు జరిగిన చోట ఫొటోలు. ఆ పక్కనే పాపికొండల జాతీయ పార్కు ఉంది, అందులో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఈ మాట ఎవరి నోటి నుంచైనా వచ్చిందంటే టీ కొట్టు దగ్గర సదస్సు మొదలైనట్టే. “ఆయ్, భయం ఏం లేదండీ. ఊపిరి బిగబట్టి పడుకుంటే వాసన చూసి వెళ్లిపోద్దండి,” అంటాడొకాయన. చెట్టెక్కెయ్యమంటాడు ఇంకొకాయన. పల్లానికి పరిగెత్తితే దాని జుట్టు దాని కళ్ల మీదే పడి దారి కనపడదని మూడో ఆయన శాస్త్రం. కళ్లలోకి తేరిపార చూస్తే తోక ముడుస్తుందని నాలుగో ఆయన. బొచ్చులో కలిసిపోయే ఆ కాస్త తోక ముడిచిందో లేదో తెలుసుకోవడం ఎలాగని మాత్రం ఎవరూ అడగరు.

ముందు చెట్టు సంగతి. సొంత పెరట్లో నాలుగు బొండాలు దింపించుకోవడానికి దింపు కార్మికుడికి పదిసార్లు ఫోన్ చేసి, ఆయన తీరిక కోసం వారం రోజులు కాచుకునే సీమ ఇది. చెట్టెక్కేవాళ్లు కరువైపోయారని కొబ్బరి రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అలాంటి చోట పుట్టి, బొండాన్ని కింద నుంచి మాత్రమే చూసిన కుర్రాడు ఎలుగుబంటి కనపడగానే మద్దిచెట్టు చరచరా ఎక్కేస్తాడట. ఎక్కాడనే అనుకుందాం. మన అడవుల్లోని ఎలుగుబంటి తేనెపట్ల కోసం చెట్లెక్కే జంతువు. మూడు నాలుగు అంగుళాల గోళ్లు దానికి ఉన్నది అందుకే, పుట్టలు తవ్వడానికీ అందుకే. పరుగంటారా, ఎగువకైనా దిగువకైనా మనిషికంటే అదే వేగం. జుట్టు పక్కకు దువ్వుకునే పని కూడా దానికి లేదు.

ఇక చచ్చినట్టు పడుకోవడం. దీనికి మూలగ్రంథం బడిలో చదివిన ఇద్దరు మిత్రుల కథ. ఒకడు చెట్టెక్కాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి పడుకున్నాడు, ఎలుగుబంటి వచ్చి వాడి చెవిలో నీతి చెప్పి వెళ్లింది. ఈసప్ పేరు మీద చలామణీ అయ్యే ఈ గ్రీకు కథ స్నేహం గురించి పుట్టింది. మనవాళ్లు దాన్ని అటవీశాఖ మార్గదర్శకాల కింద చదువుకున్నారు. గ్రీసు ఎలుగుబంటి గోధుమరంగుది, మనది నల్లది, జాతే వేరు. మన ఎలుగుబంటి తిండి ముఖ్యంగా చెదలు, చీమలు, తేనె, పళ్లు. పైపలువరసలో నడిమి రెండు పళ్లు దానికి ఉండవు. ఆ సందులోంచి గాలి లాగి పుట్టలోని చెదల్ని పీల్చుకుంటుంది. అది మనిషి మీద పడేది తినడానికి కాదు, బెదిరి. పులితో కలిసి బతికిన జంతువు కాబట్టి పారిపోవడం కంటే ఎదురుతిరగడం దానికి అలవాటు. ఎదుటివాడు శవమా సజీవుడా అన్న విచారణతో దానికి పనిలేదు. తనకూ, వీపు మీదెక్కి ఉన్న తన పిల్లలకూ ముప్పు పోయిందా లేదా అన్నదే దాని లెక్క.

అలాగని కథంతా అబద్ధమని కొట్టెయ్యడానికీ లేదు. ఎలుగుబంటి మీద పడి, ఇక తప్పించుకునే దారి లేనప్పుడు నేలమీద బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక బిగించి తలను కాపాడుకోవాలని ఈ దాడుల్ని అధ్యయనం చేసినవాళ్లు చెబుతారు. అది పంజా విసిరేది ఎక్కువగా తలమీదికీ ముఖంమీదికీ కాబట్టి. కథల పుస్తకాల బొమ్మల్లో మిత్రుడు చాలావరకు వెల్లకిలా పడుకుని, ముఖం ఆకాశానికి అప్పగించి ఉంటాడు. చెవిలో నీతి వినడానికి ఆ భంగిమ బాగానే ఉంటుంది.

మన ధైర్యానికి పురాణం అండ కూడా ఉంది. ఏటా వినాయక చవితికి చేతిలో అక్షతలు పట్టుకుని వినే శమంతకోపాఖ్యానంలో శ్రీకృష్ణుడు జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, మణితో పాటు జాంబవతినీ తెచ్చుకుంటాడు. ఎలుగుబంటి గుహలోకి వెళ్లి అల్లుడై తిరిగొచ్చిన ఉదంతం ప్రపంచంలో మనకొక్కరికే ఉంది. మారేడుమిల్లి కొండల్లో తిరిగేదాని దగ్గర మణి లేదు. ఈడొచ్చిన కూతురు ఉన్నా, ఇచ్చే ఉద్దేశం కనపడదు.

ఊళ్లలో పాతతరానికి ఇంకో అనుభవం ఉంది. ఎలుగుబంటిని ఆడించేవాడు వీధిలోకి రాగానే పిల్లాణ్ణి దాని మీదెక్కించి భయం పోగొట్టారు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మొలకు కట్టారు. ఆ జంతువుకు చిన్నప్పుడే ముక్కు కుట్టి తాడు వేశారు, కోరలు పీకారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ ఆట నేరమైంది. అయినా ఆఖరి ఆట ఎలుగుబంటిని వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ సంస్థ విడిపించేసరికి 2009 వచ్చింది. కోరలు పీకిన ఎలుగుబంటి వీపు మీద పోగొట్టుకున్న భయాన్ని ఆ తరం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

ఈ పాండిత్యమంతా పరీక్షకు నిలిచే చోటు కోనసీమ కాదు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అదీ కొబ్బరి సీమే. కాకపోతే కొబ్బరి పక్కన జీడిమామిడి, పనస కూడా ఉంటాయి, వాటి వెనక చిన్న చిన్న కొండలు ఉంటాయి, ఆ కొండల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. జీడిపళ్ల వాసన, పనసపండు వాసన పీల్చి అవి తోటల్లోకి దిగుతాయి. రైతూ అదే తోటకు అదే వేళకు, తెల్లవారకముందే వెళ్తాడు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగుబంటి దాడికి భార్యాభర్తలు బలయ్యారు. ఊరు తిరగబడి దాన్ని కొట్టి చంపింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు చనిపోయాడు, మర్నాడు మరికొందరు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగుబంటి విశాఖ జూకి చేరేలోగా చచ్చిపోయింది. వీళ్లెవరూ ఈసప్ చదవక చనిపోలేదు. పుట్టలో మూతి పెట్టి చెదలు పీలుస్తున్న జంతువుకు తన పీల్పు చప్పుడే చెవుల నిండా ఉంటుంది, చూపు ఎటూ అంతంతమాత్రం. చప్పుడు చెయ్యకుండా ఒంటరిగా నడిచొచ్చిన మనిషి పది అడుగుల దూరంలో దానికి హఠాత్తుగా కనపడతాడు. ఆ తర్వాతి రెండు క్షణాల్లో పల్లమెటో చూసుకునేవాడెవడు?

కర్ర సంగతి మరీ విచిత్రం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో వన్యమృగం దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. ఎలుగుబంటి అయి ఉంటుందన్న అనుమానం కూడా మొదట్లో వచ్చింది, బోన్లలో పడ్డవి చిరుతలు. తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం నడిచివెళ్లే భక్తులకు కర్రలు పంచింది. అలిపిరిలో ఇచ్చి నరసింహస్వామి గుడి దగ్గర తిరిగి తీసుకునే ఏర్పాటు. రాష్ట్రమంతా పగలబడి నవ్వింది, కార్టూన్లు వేసింది. ఊరికే నవ్వితే తప్పేం లేదు గానీ, అదే దేవస్థానం పదిహేనేళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపబోమన్నప్పుడు కార్టూను రాలేదు, గుంపులుగా వెళ్లమన్నప్పుడు చర్చ జరగలేదు. ప్రాణం కాపాడేది ఆ వేళ, ఆ గుంపు. వాటిని చేతిలో పట్టుకుని ఫొటో దిగడం కుదరదు. కర్రనైనా సరిగ్గా వాడుకున్నవాళ్లు ఉత్తర గుజరాత్‌లో ఉన్నారు. ఎలుగుబంట్ల మీద పరిశోధన చేసేవాళ్లు అక్కడి గ్రామస్థులకు గంటలు కట్టిన కర్ర ఇచ్చారు. దాంతో ఎలుగుబంటిని కొట్టనక్కర్లేదు, మనిషి వస్తున్నాడని దానికి ముందే వినపడితే చాలు.

కర్రను వెక్కిరించిన చేతుల్లోనే ఫోను ఉంటుంది. 2018 మేలో ఒడిశా నవరంగపూర్ జిల్లాలో ఒక డ్రైవరు గాయపడిన ఎలుగుబంటితో సెల్ఫీ దిగబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. చుట్టూ చేరినవాళ్లు దాన్ని వీడియో తీశారు. ఛత్తీస్‌గఢ్ బాగ్‌బహరా దగ్గర చండీమాత గుడికి వచ్చే ఎలుగుబంట్లకు భక్తులు చేత్తో ప్రసాదం తినిపిస్తారు. అమ్మవారి దయవల్ల అవి ఏమీ చెయ్యవట. రేపు వాటిలో ఒకటి ఇంకెవరి పెరట్లోనో ప్రసాదం వెతుక్కుంటూ వెళ్తే, ఆ ఇంటివాళ్లకు ఈ ఒప్పందం సంగతి తెలియదు.

అమెరికా వెళ్లిన మనవాళ్ల పాండిత్యం ఇంకో మెట్టు పైన. ఎల్లోస్టోన్‌కో స్మోకీ పర్వతాలకో వెళ్లొచ్చిన అబ్బాయి సెలవుల్లో అమలాపురం వచ్చి, నల్లదైతే తిరగబడాలి, గోధుమరంగుదైతే పడుకోవాలి అని సూత్రం ఒప్పజెబుతాడు. అక్కడి జాతులకు అది సరైన సూత్రమే. మనదీ నల్లదే కదా అని ఆ సూత్రాన్ని పాపికొండలకు దిగుమతి చేసుకుంటేనే చిక్కు, ఎందుకంటే అక్కడి నల్ల ఎలుగుబంటి చాలాసార్లు తనే తప్పుకుని పోయే రకం. పైగా అక్కడ నడకకు వెళ్లేవాడి నడుముకు ఘాటు మిరప స్ప్రే ఉంటుంది, దాన్ని వాడటం నేర్పేవాళ్లు ఉంటారు, ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంటికి వంద గజాల దూరంలో ఉండాలన్న నిబంధన ఉంటుంది. కారం విషయంలో మనల్ని మించినవాళ్లు లేరు నిజమే, కానీ పొట్లం కట్టిన గుంటూరు కారానికి ఎదురుగాలితో పేచీ. ఎలుగుబంటి ఎదురైతే నెమ్మదిగా నడిచే స్నేహితుణ్ణి కిందికి తోసెయ్యకండని అమెరికా జాతీయ పార్కుల సంస్థ ఒకసారి సరదాగా జనానికి చెప్పింది. ఇద్దరు మిత్రుల కథను అందరికంటే జాగ్రత్తగా చదివింది ఆ సంస్థే అయి ఉంటుంది.

నిజానికి పనికొచ్చే సలహాలు నాలుగు ముక్కల్లో అయిపోతాయి. చీకటివేళ, మునిచీకటివేళ వెళ్లకండి. ఒంటరిగా వెళ్లకండి. మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ నడవండి. దూరంగా కనపడితే పరిగెత్తకుండా నెమ్మదిగా వెనక్కి తగ్గండి. వీటిలో వీరత్వం లేదు, గోళ్లూ నెత్తురూ లేవు, టీ చల్లారేలోపు చెప్పుకునే కథ లేదు. ఎలుగుబంటి కనపడకుండా ఇంటికొచ్చినవాడికి టీ కొట్టు దగ్గర కుర్చీ కూడా వెయ్యరు. అందుకే సదస్సుల్లో వీటి ఊసు రాదు. ఊపిరి బిగబట్టమన్నవాడికి దొరికే చప్పట్లు గట్టిగా మాట్లాడుతూ నడవమన్నవాడికి దొరకవు. మాట్లాడటం ఒక్కటే గోదావరి జిల్లాల వాళ్లకు పుట్టుకతో వచ్చిన రక్షణ కవచం కాబట్టి, కోనసీమ కుర్రాళ్లు మారేడుమిల్లి నుంచి క్షేమంగా తిరిగి రావడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

ఇంత విద్య కొబ్బరిచెట్ల కింద ఊరికే పోవడం మాత్రం అన్యాయం. ఉద్దానంలో జీడిపళ్లు మార్చిలో పండటం మొదలై మే దాకా ఉంటాయి. తెల్లవారుజామున తోటకు కాపలా వెళ్లడానికి మనుషులు భయపడుతున్నారు. ఊపిరి బిగబట్టే ఆయన, చెట్టెక్కే ఆయన, కళ్లలోకి చూసే ఆయన తలో నెల పంచుకుంటే సరిపోతుంది. పల్లానికి పరిగెత్తించే ఆయన్ను కూడా తీసుకెళ్లాలనే ఉంది గానీ, సముద్రం ఒడ్డున ఉన్న ఆ తోటలు చాలావరకు చదును నేలలు.