23వ పేజీ

ఈ శనివారం కూడా ఆఫీసుకు రావాలని మెయిల్ పడింది. సైబర్ టవర్స్ వెనక చాయ్ బండి దగ్గర టీమంతా చిటపటలాడుతోంది.

"అందరం ఒకేసారి సిక్ లీవ్ పెట్టేద్దాం" అందో అమ్మాయి.

"గొడవలొద్దు. చెకోస్లోవేకియాలో ఏం చేశారో తెలుసా?" అన్నాడు టీమ్ లీడ్.

"ఆ దేశంలో ఎవరున్నారన్నా మనకి?"

"విను. 1976లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం మానవ హక్కుల అంతర్జాతీయ ఒప్పందాల్ని తన చట్టాల సంపుటిలో 120వ నంబరుగా అచ్చేసింది. అమలు మాత్రం చెయ్యలేదు. 1977 జనవరిలో నాటక రచయిత వాత్స్లావ్ హావెల్, తత్వవేత్త యాన్ పటోచ్కా, ఇంకొందరు కలిసి ‘చార్టర్ 77’ అని ఓ ప్రకటన తెచ్చారు. రాయి విసర్లేదు, సర్కారు దిగిపోవాలనలేదు. మీరు అచ్చేసిందే అమలు చెయ్యండి అన్నారు, అంతే. కింద సొంత పేర్లతో సంతకాలు."

"తర్వాత?"

"పోలీసులు గంటలకొద్దీ విచారించాక పటోచ్కా ఆస్పత్రి పాలై మార్చిలో పోయాడు. హావెల్ ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. 1989 డిసెంబరులో దేశాధ్యక్షుడయ్యాడు."

అందరికీ ఆఖరి ముక్కే చెవిన పడింది.

ఆ రాత్రే కంపెనీ హ్యాండ్‌బుక్ తిరగేశారు. దొరికింది. 23వ పేజీ: వారాంతంలో పనిచేస్తే కాంప్ ఆఫ్ ఇస్తాం, రాత్రి 8 దాటాక ఆఫీసు ఫోన్ ఎత్తనక్కర్లేదు. పక్కన పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఉద్యోగుల ఫొటో.

ఉత్తరం నాలుగే వాక్యాలు. కొత్తగా ఏమీ అడగట్లేదు, మీ 23వ పేజీని అమలు చేస్తే చాలన్నారు. సంతకాల దగ్గరే రాత్రి ఒంటిగంటయింది. మొదటి పేరు ఎవరిదో తేలలేదు. చివరికి ఎవరు ముందు పెట్టారో తెలియకుండా సంతకాలన్నీ గుండ్రంగా పెట్టి, స్కాన్ చేసి పంపారు.

సోమవారం హెచ్ఆర్ నుంచి జవాబొచ్చింది.

"ప్రియమైన సహచరులకు, హ్యాండ్‌బుక్‌లో రాసినదానికీ ఆఫీసులో జరుగుతున్నదానికీ తేడా ఉందని ధైర్యంగా ఎత్తి చూపినందుకు అభినందనలు. రాసిన మాటకు కట్టుబడటం మన సంస్థ సంస్కృతి. అందుకే ఆ తేడాను తక్షణం తొలగించాం. సవరించిన హ్యాండ్‌బుక్ జతచేస్తున్నాం."

ఆత్రంగా ఫైల్ తెరిచారు. 22 తర్వాత నేరుగా 24వ పేజీ ఉంది.