గడి ఖాళీగా ఉంచరాదు

జాతిసంహారంలో ఎప్పుడైనా పాల్గొన్నారా? వ్యభిచారం చేయడానికి అమెరికా వస్తున్నారా? తుపాకులు, పేలుడు పదార్థాలు, అణ్వస్త్రాల్లో ప్రత్యేక నైపుణ్యం ఏమైనా ఉందా?

ఇవి ఏ యుద్ధ నేరస్థుడినో బోనెక్కించి అడిగిన ప్రశ్నలు కావు. కూతురి పురిటికి న్యూజెర్సీ బయల్దేరిన తెనాలి పిన్నిగారిని డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం అడిగే కుశల ప్రశ్నలు. అన్నిటికీ ఆవిడ ‘లేదు’ నొక్కుకుంటూ పోవాలి. ఊచకోతలు కోసినవాడు ఇక్కడికొచ్చేసరికి సత్యహరిశ్చంద్రుడై ‘అవును’ నొక్కేస్తాడా అని మీకు అనుమానం రావచ్చు. లాయర్లు వేరే లెక్క చెబుతారు: నేరం రుజువు కాకపోయినా, అబద్ధం రాశాడని పట్టుకోవచ్చట. అంటే నిజం కోసం కాదు, అబద్ధం కోసమే వేసిన ప్రశ్న. తెలివైనదే.

పిన్నిగారి చిక్కు మాత్రం వేరు. ‘మీది ఏదైనా తెగా?’ అన్న దగ్గర గోత్రం చెప్పాలో, కులం చెప్పాలో, నోరు మూసుకోవాలో తేలక అల్లుడికి ఫోన్ చేస్తుంది. అల్లుడికి అక్కడ అర్ధరాత్రి. ఆయన లేచి కళ్ళద్దాలు వెతుక్కునేలోగా ఇరవై నిమిషాలు దాటుతాయి, ఇక్కడ సెషన్ ముగిసిపోతుంది. ఇక పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవారి గతి చెప్పనక్కర్లేదు. బారసాల రోజు పళ్ళెంలో బియ్యం పోసి, అందరి ముందూ రాసి పెట్టిన పేరు పోయి, వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. పేరు తెలియదని దానర్థం. అలాంటి తెలుగువాళ్ళు అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు దగ్గర్నుంచి జీతం చెక్కు దాకా ఎఫ్‌ఎన్‌యూగారై తిరుగుతున్నారు.

పూర్వం కిటికీ వెనక ఒక గుమాస్తా ఉండేవాడు. విసుక్కునేవాడు, కసురుకునేవాడు, అయినా తప్పు రాసిన చోట పెన్సిల్‌తో సున్న చుట్టి కాగితం వెనక్కి నెట్టేవాడు. ఆ ఉద్యోగం ఇప్పుడు దరఖాస్తుదారుడికే ఇచ్చారు. జీతం లేదు, ఎదురు ఫీజు ఉంది. న్యాయం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: గ్రీన్‌కార్డులు, వర్క్ పర్మిట్లు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ 2024 ఏప్రిల్ నుంచి చాలా ఫారాలకు, ఆన్‌లైన్‌లో పంపితే 50 డాలర్లు తగ్గిస్తోంది. గుమాస్తా జీతంలో మన వాటా అనుకుని కళ్ళకద్దుకోవాలి.

ఇంతకీ ఆ యూఎస్‌సీఐఎస్ తన గడులు తాను ఎలా నింపుకుందో చూడండి. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తామని 2000ల నడుమ బయల్దేరింది. 2015 నాటికి వంద కోట్ల డాలర్లు దాటి ఖర్చయ్యాయి. తొంభై పైచిలుకు ఫారాల్లో ఆన్‌లైన్‌లో నింపడానికి వీలైంది అప్పటికి ఒక్కటి, గ్రీన్‌కార్డు కొత్తది ఇమ్మని అడిగే ఫారం. మరుసటి ఏడాది దాని పై శాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే లెక్క తీస్తే, తప్పు వివరాలతోనో, ఒకే మనిషికి రెండేసి చొప్పునో వెళ్ళిన కార్డులు కనీసం 19,000 తేలాయి. పాత ఫైళ్ళు ఇప్పటికీ లక్షలకొద్దీ మిస్సోరీ రాష్ట్రంలో, నేల కింద ఒక సున్నపురాయి గుహలో భద్రంగా ఉన్నాయి. ‘మీ దరఖాస్తు చెల్లదు, ఫీజు తిరిగి రాదు, మళ్ళీ మొదటినుంచి రండి’ అని ఆ శాఖతో ఎవరూ అనలేదు.

అదే శాఖ 2019లో ఏం చేసింది? ఆశ్రయం కోరుతూ వచ్చిన కాగితపు దరఖాస్తుల్లో ఒక్క గడి ఖాళీ కనిపించినా తిప్పి పంపడం మొదలెట్టింది. మధ్యపేరు లేనివాడు మధ్యపేరు గడి వదిలేస్తే తప్పు. ఉన్న ముగ్గురు తోబుట్టువుల పేర్లూ రాసి, పుట్టని నాలుగోవాడి గడి వదిలేస్తే తప్పు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడు లేని తమ్ముడి గురించి కూడా జవాబు చెప్పుకోవాలన్నమాట. కోర్టుకెక్కాక ఆ పద్ధతి ఆపి, 2021లో రాజీకొచ్చారు.

మన చిలుకూరు వీసా బాలాజీ గుడిలో హుండీయే లేదు. పదకొండు ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకుంటారు, తీరితే నూట ఎనిమిది చేస్తారు, తీరకపోతే బాకీ లేదు. వీసా పోర్టల్‌కి 185 డాలర్లు ముందే చెల్లించాలి, వీసా రాకపోయినా అవి తిరిగి రావు. కట్టాక ఇంటర్వ్యూ స్లాట్ వేట. ఆత్రం కొద్దీ పదే పదే చూస్తే ఖాతా లాక్. భక్తుడు ఎక్కువసార్లు దణ్ణం పెట్టాడని తలుపులేసుకున్న దేవుణ్ణి నేనింతవరకు చూడలేదు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాల లాటరీకి 2020 నుంచి ఆన్‌లైన్ నమోదు వచ్చింది, రుసుము పది డాలర్లు. పదికి ఏమొస్తుందిలే అని ఒకే మనిషి పేరున నాలుగైదు కంపెనీల చేత పేర్లు వేయించారు. 2023లో వచ్చిన 7,80,884 నమోదుల్లో 4,08,891 ఇలా ఒకరికే పలుమార్లు పడ్డవి. ఉన్న వీసాలు 85,000. అందులో మన కన్సల్టెన్సీల చెయ్యి లేదని చిలుకూరు గుడిలో దీపమార్పి చెప్పగల ధైర్యం నాకు లేదు. తర్వాతి ఏడాది నుంచి కంపెనీలను కాక మనుషుల్ని లెక్కపెట్టడం మొదలెట్టారు. మనుషుల్ని లెక్కపెట్టాలన్న ఆలోచన రావడానికి నాలుగేళ్ళు పట్టింది. నమోదు రుసుము ఇప్పుడు 215 డాలర్లు. 2025 సెప్టెంబరులో, విదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్-1బీ ఉద్యోగికి లక్ష డాలర్లు కట్టమన్నారు. అది కూడా ఆన్‌లైన్‌లోనే. ఆ పేజీకి మాత్రం సెషన్ ముగిసిందన్న ఫిర్యాదు నా చెవిన పడలేదు.

స్లాట్ ఇప్పిస్తామని టెలిగ్రామ్‌లో పాస్‌వర్డ్ అడిగేవాళ్ళకి, ‘మీరేం కంగారుపడకండి, అన్నీ మేమే నింపేస్తాం’ అనే కన్సల్టెన్సీ బాబులకి మీ ఖాతా అప్పగించే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. ఫారం ఎవరు నింపినా, చివర సంతకం మీట నొక్కాల్సింది మీరే. అందులో కావాలని రాసిన అబద్ధం ఉన్నట్టు తేలితే, అమెరికా తలుపు జీవితాంతం మూసుకునేది మీకే, ఆ బాబుకి కాదు.