గంటలో బెజవాడ: సవ్యాఖ్యానం

మూలం: "శంషాబాదు – గన్నవరం. దూరం 265 కిలోమీటర్లు. ప్రయాణ కాలం 1 గంట."

అవతారిక: పెళ్ళిభోజనాల దగ్గర, విస్తరి వేయకముందే, "మాకేముందండీ, గంటలో బెజవాడలో ఉంటాం" అని ప్రకటించే మహానుభావులకు ఈ వాక్యమే వేదం. బస్సులో వచ్చినవాడు అది విని పప్పులో నెయ్యి అడగడం కూడా మరిచిపోతాడు. వాడి ఉద్ధరణకై ఈ టీక.

ప్రతిపదార్థం: సుగమం.

విశేషం: ఈ "దూరం" భూగోళం మీద రెండు రన్‌వేల నడుమ గీసిన చాపం. విమానం కూడా దాని మీద నికరంగా నడవదు. గాలివాటం చూసుకుని లేస్తుంది, చుట్టి దిగుతుంది. "ప్రయాణ కాలం" అంటే చక్రాల కింది దిమ్మలు ఇక్కడ తీసింది మొదలు అక్కడ పెట్టేదాకా. గాల్లో ఉండేది ముప్పావు గంటకు అటూ ఇటూ. కనుక ఈ గంట విమానానిది, మనది కాదు.

పూర్వపక్షం: "లోకంలో అందరూ ఇట్లాగే చెప్తారు కదా?" చెప్పరు. కిష్కింధకాండ చూడండి. ఎవరెంత దూకగలరని అంగదుడు అడిగితే గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై, శరభుడు ముప్పై, ఋషభుడు నలభై, అట్లా పెరుగుతూ పోయి సుషేణుడు ఎనభై. ముసలివాణ్ణయ్యానంటూనే జాంబవంతుడు తొంభై అన్నాడు. నూరు దూకగల అంగదుడు మాత్రం, పోగలను గానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. రానుపోను టిక్కెట్టు గురించి బెంగపడ్డ మొదటివాడు ఇతడే. హనుమంతుడు లేచాక వాల్మీకి నూరు యోజనాలని చెప్పి ఊరుకోలేదు. విశ్రమించమన్న మైనాకుణ్ణీ, నా నోట్లో దూరి పొమ్మన్న సురసనూ, నీడ పట్టుకు లాగిన సింహికనూ లెక్కలో వేశాడు. సురస ముందు పోటీపడి పెరిగి, చివరికి బొటనవేలంతై దూరి బయటపడ్డాడు. తనిఖీ ప్రయాణంలో భాగమేనని ఆదికవికి తెలుసు. నీడను పట్టే విద్య మీద ఇంకా చాలా రాయాలి గానీ... ఎక్కడున్నాం? శంషాబాదు.

మన సురస ముందు బెల్టు తీసి ట్రేలో పడేసి, ప్యాంటు జారకుండా పొట్ట బిగించి, రెండు చేతులూ చాచి నిలబడాలి.

దోషవిచారం: అవ్యాప్తి. ఈసీఐఎల్ నుంచి చీకటితో బయల్దేరడం, గంట ముందే మూసే కౌంటరు కోసం రెండు గంటల ముందు చేరడం, గేటు దాటాక కదలని బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడటం, గన్నవరంలో సూట్‌కేసు కోసం పడిగాపులు, అక్కడి నుంచి బెజవాడకు ఇరవై కిలోమీటర్లు: వీటిలో ఒక్కటీ ఆ గంటలో ఇమడదు. అంతలో గరుడ బస్సు సూర్యాపేట దాటి ఉంటుంది.

శాస్త్రప్రమాణం: పౌర విమానయాన డైరెక్టరేటు నిబంధన ఒకటుంది. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, ఆలస్యం రెండు గంటలకు చేరాకే ప్రయాణికుడికి ఫలహారం పెట్టాలి. అనగా గంట ప్రయాణానికి రెండు గంటలు ఎదురుచూస్తే గానీ ఉప్మాకు అర్హత లేదు. మా విమానం ఆలస్యమైన రోజు మా అమ్మ షుగరు మాత్ర వేసుకుని కూర్చుంది. కౌంటరులో పిల్లను అడిగినప్పుడల్లా "ఇంకో పదిహేను నిమిషాలు సార్" అంది. మాత్రకు నిబంధనలు తెలియవు. అమ్మకు చేతులు వణికాయి. పక్క సీటు ఆవిడ సంచిలోంచి అరటిపండు తీసిచ్చింది. బోర్డు మీద ప్రయాణ కాలం మాత్రం 1 గంటే.

తాత్పర్యం: రెండు గంటలు నిండగానే లేచి వెళ్ళి ఉప్మా అడగాలి. వాళ్ళంతట వాళ్ళు పెట్టరు.